1935 చట్టం నుంచి తెచ్చుకున్నదే అయితే మన రాజ్యాంగం గొప్పదనం ఏమిటి?

మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. పోటీ పరీక్షల పుస్తకాల్లో మన రాజ్యాంగాన్ని ఏ దేశం నుంచి ఏమి తెచ్చుకున్నామో చెప్పే పట్టికగా చదివారు. అందులో పెద్ద భాగం బ్రిటిష్‌వారి 1935 నాటి భారత ప్రభుత్వ చట్టమేనని కోచింగులో చెప్పారు. 1950 నుంచి ఇప్పటికి నూరుకు పైగా సవరణలు కూడా జరిగాయి. అలాంటి పత్రాన్ని అంత గౌరవంగా ఎందుకు చూడాలని, అది మామూలు మనిషికి ఏమి చేసిందని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా కోర్టులోనూ హైకోర్టులోనూ వకాల్తాలు దాఖలు చేసినవాడిని, కొంతకాలం సాయంత్రం లా కాలేజీలో ఇదే పాఠం చెప్పినవాడిని కనుక, నాకు తెలిసినంత వరకు వివరంగానే రాస్తాను.

ముందు అరువు సంగతి. ఆ పట్టిక అబద్ధం కాదు. పార్లమెంటరీ పద్ధతి బ్రిటన్ నుంచి, ప్రాథమిక హక్కులు, న్యాయ సమీక్ష అమెరికా నుంచి, ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి, బలమైన కేంద్రం ఉన్న సమాఖ్య కెనడా నుంచి వచ్చాయి. పాలనా యంత్రాంగానికి సంబంధించిన అనేక నిబంధనలు 1935 చట్టం నుంచి దాదాపు మాటకు మాట వచ్చాయి. 1948 నవంబరు 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ డాక్టర్ అంబేద్కర్ ఈ విమర్శకు స్వయంగా జవాబిచ్చారు. రాజ్యాంగానికి సంబంధించిన మూల భావనల మీద ఎవరికీ పేటెంటు లేదని, అరువు తెచ్చుకోవడంలో సిగ్గుపడవలసినదేమీ లేదని ఆయన అన్నారు. అయితే ఆ పట్టిక మీకు చెప్పని సంగతి ఒకటుంది. 1935 చట్టంలో ప్రాథమిక హక్కులు లేవు, అందరికీ ఓటు లేదు, అంతిమ నిర్ణయం గవర్నరు జనరలుది, ఆయన వెనుక లండనుది. అంటే యంత్రంలోని పళ్లచక్రాలు కొన్ని పాతవే అయినా, దాన్ని నడిపించే అధికారం ఎవరిదన్న చోట అంతా మారిపోయింది. ఇక 17వ అధికరణాన్ని ఏ దేశం నుంచి తెచ్చుకున్నామో ఏ పట్టికలోనూ మీకు కనిపించదు. అంటరానితనాన్ని రద్దు చేస్తున్నామని, దాన్ని ఏ రూపంలో పాటించినా నేరమని చెప్పే ఆ వాక్యాలు ఈ నేల బాధలోంచి పుట్టినవి.

రాజ్యాంగ సభ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. 1946లో దాని సభ్యులను ఎన్నుకున్నది ప్రజలు నేరుగా కాదు, రాష్ట్ర శాసనసభలు. ఆ శాసనసభలను ఎన్నుకున్నవారు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమంది. 1946 డిసెంబరు 9న సభ మొదటిసారి కూర్చున్నప్పుడు ముస్లిం లీగు రాలేదు. మొదట 389 స్థానాలున్న సభ, దేశ విభజన తరువాత 299కి తగ్గింది. హైదరాబాదు సంస్థానం నుంచి ఒక్క సభ్యుడూ లేరు. 1949 నవంబరులో నిజాం ఫర్మానాతోనే ఆ రాజ్యాంగం తెలంగాణకు వర్తించింది. మద్రాసు రాష్ట్రం తరఫున వెళ్లిన తెలుగువారిలో టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు, మోటూరి సత్యనారాయణ, దుర్గాబాయి వంటివారున్నారు. ఏడుగురి ముసాయిదా కమిటీలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. బి.ఎల్. మిత్తర్ తప్పుకున్నాక ఆ స్థానంలో వచ్చిన ఎన్. మాధవరావు మచిలీపట్నం మనిషి.

ఇలాంటి పరిమితులున్న సభ చేసిన పని ఇంతకాలం ఎందుకు నిలిచిందన్నదే అసలు ప్రశ్న. నా మటుకు నాకు కారణం పని చేసిన తీరులో కనిపిస్తుంది. సభకు రాజ్యాంగ సలహాదారుగా ఉన్న బి.ఎన్. రావు తయారుచేసిన తొలి చిత్తులో 243 అధికరణాలున్నాయి. ముసాయిదా కమిటీ దాన్ని 315కు పెంచి 1948 ఫిబ్రవరిలో ప్రచురించింది. దేశం దాన్ని చదివి అభిప్రాయాలు చెప్పడానికి నెలల వ్యవధి ఇచ్చారు. ఆ తరువాత సభ్యులు ఇచ్చిన సవరణలు 7,635. వాటిలో సభలో నిజంగా ప్రవేశపెట్టి చర్చించినవి 2,473. సభ మొత్తం 165 రోజులు కూర్చుంటే అందులో 114 రోజులు ఈ ముసాయిదా మీదే గడిచాయి. చివరికి 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లతో 1949 నవంబరు 26న ఆమోదం పొందింది. ఇంతకాలం పట్టిందని, డబ్బు వృథా అని ఆనాడే విమర్శించినవారున్నారు. కానీ ఆ చర్చల సంపుటాలు చదివితే, ఒక్కొక్క మాటకు ఎవరు ఎందుకు అడ్డుపడ్డారో, ఎవరు ఎందుకు ఒప్పుకున్నారో తేదీలతో సహా తెలుస్తుంది. ఓడిపోయిన సవరణ కూడా రికార్డులో పదిలంగా ఉంటుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 1949 అక్టోబరు 17న పీఠిక మీద చర్చ జరిగింది. దాన్ని దేవుని పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. విశ్వాసం మనిషి అంతరంగానికి సంబంధించినదని, దాన్ని ఎవరి మీదా రుద్దకూడదని హృదయనాథ్ కుంజ్రూ వంటివారు అభ్యంతరం చెప్పారు. ఇలాంటి విషయం ఓటింగుకు పెట్టవద్దని, ఉపసంహరించుకోమని కామత్‌కు నచ్చజెప్పడానికి చూశారు. ఆయన ఒప్పుకోలేదు. ఓట్లు లెక్కిస్తే అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. స్వయంగా భక్తులైనవారు ఎంతోమంది ఉన్న సభ అది. తమ సొంత విశ్వాసాన్ని దేశం మీద షరతుగా పెట్టకూడదని అంతమంది నిర్ణయించుకున్న ఆ క్షణాన్ని నేను తరగతిలో ఎన్నిసార్లు చదివి వినిపించినా నా గొంతు కాస్త మారేది.

అలాగే రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. రాజ్యసభకు కనీస వయసు 35 ఏళ్లుగా ఉండాలని ప్రతిపాదన వస్తే, 30 చాలని ఆమె సవరణ ఇచ్చారు. యువతరానికి విషయ పరిజ్ఞానం తక్కువేమీ కాదని వాదించి గెలిచారు. అప్పటికి ఆమెకు ఇంకా నలభై ఏళ్లు నిండలేదు. మీరు పరీక్షకు బట్టీ పట్టే ఆ ‘30’ వెనుక ఒక తెలుగు మహిళ వాదన ఉందని గుర్తుంటే, ఆ అంకె ఇక మరచిపోరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే విషయానికి వస్తాను. అది వయోజన ఓటు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత నూటికి 18 దరిదాపుల్లో ఉంది. అనేక దేశాల్లో ఓటు హక్కు మొదట ఆస్తిపరులకు, తరువాత పురుషులకు, ఆపైన స్త్రీలకు, ఇలా మెట్లు మెట్లుగా వచ్చింది. మనవాళ్లు 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ మొదటి రోజునే ఇచ్చేశారు. నిరక్షరాస్యత ఎంత ఉన్నా, సామాన్య మానవుడి మీద నిండు నమ్మకంతోనే సభ ఈ సూత్రాన్ని స్వీకరించిందని అల్లాడి తన ముగింపు ప్రసంగంలో అన్నారు. ఆయన వీధిలో నినాదాలిచ్చే మనిషి కాదు, ఆచితూచి మాట్లాడే న్యాయవాది. అందుకే ఆ మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఆ నమ్మకాన్ని కాగితం మీదికి ఎక్కించడం ఎంత కష్టమో చూడండి. రాజ్యాంగం పూర్తికాక ముందే, 1948 నుంచే, రాజ్యాంగ సభ కార్యాలయం ఓటర్ల జాబితాల పని మొదలుపెట్టించింది. పౌరసత్వం ఎవరిదో ఇంకా తేలలేదు. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులకు స్థిరమైన చిరునామా లేదు. ఇంటింటికీ వెళ్లిన గుమాస్తాలకు ఎదురైన పెద్ద ఇబ్బంది స్త్రీల పేర్లు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎంతోమంది తమ పేరు చెప్పకుండా ‘ఫలానావారి భార్యను’, ‘ఫలానావారి తల్లిని’ అని మాత్రమే రాయించుకున్నారు. పేరు పెట్టి పిలవడం, పరాయివాడికి పేరు చెప్పడం మర్యాద కాదనుకునే ఇళ్లు మన వైపూ ఉండేవి కాబట్టి ఆ దృశ్యం మనకు తేలికగానే కళ్లకు కడుతుంది. సొంత పేరు లేని పద్దు చెల్లదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. సరిదిద్దడానికి గడువు ఇచ్చినా, చివరికి సుమారు 28 లక్షలమంది స్త్రీల పద్దులు తొలగిపోయాయి. ఆ నిర్ణయం కఠినమే, మొదటి ఎన్నికల్లో వారు నష్టపోయారు. అయితే రాజ్యం దృష్టిలో స్త్రీ ఒకరి భార్యగా కాక తన పేరుతో తానే ఒక పౌరురాలిగా ఉండాలన్న పట్టు ఆ జాబితాలతోనే మొదలైంది. 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగిన ఆ ఎన్నికల్లో ఓటర్లు సుమారు 17.3 కోట్లు. చదువు రానివారు పోల్చుకోగలిగేలా అభ్యర్థికొక పెట్టె చొప్పున పెట్టి, ప్రతి పెట్టె మీదా గుర్తు అంటించారు.

జనానికి అధికారం ఇవ్వడం ఒక ఎత్తు. ఆ అధికారం చేపట్టినవారికి పగ్గం వేయడం ఇంకొక ఎత్తు. ఈ రెండో పనిలో సభ తడబడింది కూడా. 21వ అధికరణంలో, అంటే ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన హక్కులో, అమెరికా పద్ధతిలో ‘సక్రమమైన న్యాయ ప్రక్రియ’ అన్న మాట ఉండాలా, లేక ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అంటే సరిపోతుందా అని పెద్ద వాదన నడిచింది. మొదటి మాట ఉంటే చట్టం న్యాయంగా ఉందా లేదా అని కోర్టులు చూస్తాయి. రెండో మాట ఉంటే చట్టసభ ఏది రాస్తే అదే పద్ధతి. ముసాయిదా కమిటీలోనే ఉన్న కె.ఎం. మున్షీ మొదటిదాన్ని సమర్థించారు. అమెరికా కోర్టులు కార్మిక సంక్షేమ చట్టాలను కొట్టివేసిన అనుభవం చూసిన అల్లాడి రెండోదాన్ని సమర్థించారు. పార్టీ బలంతో నిండిన చట్టసభను పూర్తిగా నమ్మలేమని, అయిదారుగురు న్యాయమూర్తుల విచక్షణకే అంతా వదిలివేయలేమని, తనకే ఎటూ తేలడం లేదని అంబేద్కర్ దాపరికం లేకుండా చెప్పి నిర్ణయాన్ని సభకు వదిలారు. రెండో మాటే నెగ్గింది. దేశంలో అసంతృప్తి వచ్చిందని గ్రహించి, 1949 సెప్టెంబరులో ఆయనే ఇంకొక అధికరణం తెచ్చారు. ఇప్పటి 22వ అధికరణం అదే. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

ఆ 24 గంటలు అన్న మాటకు విలువ ఎంతో నేను పుస్తకంలో నేర్చుకోలేదు. జూనియరుగా ఉన్న రోజుల్లో, కోతల కాలంలో, ఒక కూలి తల్లి మా సీనియరు గారి ఆఫీసు వరండాలో వచ్చి కూర్చుంది. కొడుకును దొంగతనం అనుమానం మీద తీసుకుపోయి మూడు రోజులైంది. కోర్టులో పెట్టలేదు, ఎక్కడున్నాడో చెప్పడం లేదు. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తేవాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషనుకు సీనియరు గారు అఫిడవిట్ చెబుతూంటే నేను రాశాను. తెలుగులో చదివి వినిపించాక ఆమె వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలును చీర కొంగుకు తుడుచుకుంటూ ‘ఈ కాయితం ఎవరికి బాబూ’ అని అడిగింది. హైకోర్టుకని చెబితే, ‘మా సంగతి అంత పెద్దవాళ్లకెందుకు పడుతుంది’ అంది. మా సీనియరు గారు రాజ్యాంగం మూల పాఠం ఉన్న పుస్తకం తీసి 22వ అధికరణం రెండో భాగం ఆమెకు తెలుగులో చెప్పారు. ‘ఇది నీ కొడుకు కోసమే రాశారమ్మా’ అన్నారు. ఆ రాత్రి బస్సులోనే హైదరాబాదు వెళ్లాను. పిటిషను వేసినట్టు తెలియగానే, అది విచారణకు రాకముందే, కుర్రవాడిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. తరువాత ఆ కేసులో అతని మీద ఏమీ నిలవలేదు. రాజ్యాంగం మామూలు మనిషికి ఏమి చేసిందన్న మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తుకు వచ్చింది ఆ బొటనవేలే.

అయితే అన్నివేళలా ఆ పగ్గం పనిచేసిందని చెప్పలేను. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. అత్యవసర పరిస్థితిలో హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారిని మూసివేసే అధికరణం చర్చకు వచ్చినప్పుడు కామత్ రాజ్యాంగ సభలో ఎంతో ఆవేదనతో వ్యతిరేకించారు. ఆయన భయమే నిజమైంది. 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధితుడికి హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని నలుగురు ఒక వైపు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే మరో వైపుగా తీర్పు చెప్పింది. దాన్ని సరిదిద్దింది ఏమిటి? ముందు ఓటు. 1977లో జనం ప్రభుత్వాన్ని మార్చారు. తరువాత సవరణ. 1978 నాటి 44వ సవరణ 20, 21 అధికరణాలను అత్యవసర పరిస్థితిలో కూడా నిలిపివేయరాదని చెప్పింది. ‘అంతర్గత కల్లోలం’ అన్న వదులు మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టింది. అదే ఏడాది జనవరిలో మేనకా గాంధీ కేసులో, చట్టం నిర్దేశించిన పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు అంది. అంటే 1948లో ఓడిపోయిన వాదన ముప్పై ఏళ్ల తరువాత వేరే దారిలో ఇల్లు చేరింది.

సవరణల సంఖ్య చూసి మీరు చిన్నచూపు చూడవద్దని ఇందుకే అంటున్నాను. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్ల సవరణ 106వది. వాటిలో దురుద్దేశంతో చేసినవి కొన్ని ఉన్నాయి, అత్యవసర పరిస్థితిలో వచ్చిన 42వ సవరణలో చాలా భాగాన్ని నేను ఆ కోవలోనే లెక్కిస్తాను. కానీ ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది సవరణతోనే, గ్రామ పంచాయతీకి రాజ్యాంగ హోదా వచ్చిందీ సవరణతోనే. మీరు రాసే గ్రూప్ పరీక్షల నోటిఫికేషన్‌లో ‘లోకల్ అభ్యర్థి’ అన్న మాట చదివే ఉంటారు. అది ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం గురించిన ముల్కీ వివాదాలు, 1969, 1972 ఉద్యమాల తరువాత 1973 నాటి 32వ సవరణతో వచ్చిన 371-డి అధికరణం ఫలితం. రాష్ట్రం రెండైన తరువాత కూడా అది రెండు చోట్లా అమలులో ఉంది.

ఆ సవరించే అధికారానికి హద్దు ఎక్కడన్నది తేల్చిన కథలో మన తెలుగు న్యాయమూర్తుల పాత్ర పెద్దది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1973 ఏప్రిల్ 24న, పదముగ్గురు న్యాయమూర్తులు కూర్చున్న కేశవానంద భారతి కేసులో, ఏ అధికరణాన్నైనా సవరించవచ్చు కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతీయరాదని 7-6 తేడాతో తేలింది. ఆ ఏడుగురిలో జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. ఒక్క ఓటు అటుగా పడితే ఏమయ్యేదో, రెండేళ్లలోనే వచ్చిన అత్యవసర పరిస్థితిని తలచుకుంటే అర్థమవుతుంది.

తెలుగువారికి మరీ దగ్గరగా తగిలేది 3వ అధికరణం. కొత్త రాష్ట్రాలు ఏర్పరచే అధికారం పార్లమెంటుకు ఉంది. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి తప్ప ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనవసరం లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ ఈ అధికరణం కిందనే ఏర్పడ్డాయి. రాష్ట్రాలకు ఇంత తక్కువ మాట ఇవ్వడం సరైనదేనా అని ఈ నాటికీ అడగవచ్చు. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం దాకా విషయం పోకుండా ఉండవలసిందని నేను నమ్ముతాను. ఆ రోజు చట్టంలో దారి ఉంది, దాన్ని తెరిచే మనసు ఆలస్యమైంది. అయినా సరిహద్దులు ఇన్నిసార్లు మారినా దేశం చెక్కుచెదరలేదంటే, మార్పుకు దారి ముందే రాసిపెట్టుకోవడం వల్లనేనని నా అభిప్రాయం.

రాజ్యాంగంలో నాకు మింగుడుపడని చోటు కూడా చెప్పాలి. 22వ అధికరణం మొదటి రెండు భాగాలు ఆ తల్లికి కొడుకును చూపించాయి. మూడో భాగం నుంచి అదే అధికరణం, విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించడానికి చోటిస్తుంది. హక్కుల అధ్యాయంలోనే ఆ నిర్బంధానికి చోటు పెట్టడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఇక రాజకీయాల్లో మనిషికొక ఓటు ఇచ్చి, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంచితే ఆ వైరుధ్యం ప్రజాస్వామ్యాన్నే కూల్చవచ్చని అంబేద్కర్ 1949 నవంబరు 25న హెచ్చరించారు. ఆ అసమానత మీద రాజ్యాంగం పట్టు సాధించిన చోట్లు లేకపోలేదు. గిరిజన ప్రాంతాల పాలనకు సంబంధించిన అయిదో షెడ్యూలు కింద ఉన్న విశాఖ ఏజెన్సీలో గిరిజనుల భూములను గిరిజనేతర గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొండమీద గూడెంలో ఉన్న మనిషికి ఆ షెడ్యూలు పేరు తెలియకపోవచ్చు, కానీ తన పొలం తన దగ్గరే ఉండటానికి కారణం అదే.

మీరు ఒక్క పని చేయండి. పట్టిక పక్కన పెట్టి, రాజ్యాంగ సభ చర్చల్లో 1949 సెప్టెంబరు 15, 16 తేదీలవి తీసి చదవండి. అవి పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి. 22వ అధికరణం మీద సభ్యులు అంబేద్కర్‌ను ఎంత గట్టిగా నిలదీశారో, ఆయన ఎక్కడ తగ్గారో, ఎక్కడ తగ్గలేదో చూడండి. ఆయన ఒప్పుకోని సవరణల్లో ఏది ఒప్పుకొని ఉండవలసిందని మీకనిపిస్తుందో ఇక్కడే రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.